నోరు కోరేది, ఒళ్ళు కోరేది

మార్చి, ఏప్రిల్ నెలల్లో బీజాపూర్ అడవుల్లో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. రాత్రంతా రాలిన ఇప్పపూలను ఏరడానికి ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఏరుతూ ఏరుతూ పిల్లలు నాలుగు పూలు నోట్లో వేసుకుంటారు. ఎండ ముదిరేకొద్దీ మొర్రి పండ్లు, తునికి పండ్లు, మామిడికాయలు వస్తాయి. చెట్ల ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలను, వాటి గుడ్లను ఉప్పు, మిరపకాయలతో కలిపి నూరే పచ్చడికీ పొయ్యితో పనిలేదు.

బీజాపూర్ అనగానే కర్ణాటకలోని గోల్ గుంబజ్ ఊరు గుర్తుకు రావచ్చు. ఇది అది కాదు. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, బస్తర్ ప్రాంతంలో, 2007లో జిల్లాగా ఏర్పడిన బీజాపూర్ ఇది. ఇంద్రావతి నది ఈ జిల్లా అంచునే గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు తెలంగాణ కాబట్టి భోపాలపట్నం వంటి చోట్ల ఇళ్ళలోనూ సంతల్లోనూ తెలుగు వినిపిస్తుంది.

అడవిలో ఇంత పచ్చి తిండి దొరుకుతున్నా, అక్కడ ఎవరూ దానిమీదే బతకరు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద అన్నమో, బియ్యంతోనో రాగులతోనో కాచిన ‘పేజ్’ అనే జావో ఉంటుంది. అడవిలో తవ్వి తెచ్చే చేదు దుంపలను ముక్కలు కోసి, ఉడికించి, పారే నీటిలో నానబెట్టి, వాటిలోని విషం పోగొట్టాకే తింటారు. ఏది పచ్చిగా తినాలో, ఏది వండి తినాలో తరతరాల అనుభవం వారికి నేర్పింది.

పట్టణాల్లో ఇప్పుడు మరో ధోరణి కనిపిస్తోంది. పొయ్యి మీద పెట్టినదేదీ తినకూడదని, పండ్లు, పచ్చి కూరలు, మొలకలు, గింజలతోనే బతకాలని కొందరు నియమం పెట్టుకుంటున్నారు. మొదటి వారం ఉత్సాహంగానే గడుస్తుంది. తర్వాత పక్కింట్లో తాలింపు వాసన వస్తే చాలు, వేడి అన్నం, ఆవకాయ, మిరపకాయ బజ్జీల మీదికి ప్రాణం లాగుతుంది. ఒక రాత్రి దిగులుగా ఉన్నప్పుడు నియమం తప్పి అతిగా తింటారు. మర్నాడు ‘నాకు మనోబలం లేదు’ అని తమను తామే తిట్టుకుంటారు.

నిజంగా ఇది మనోబలం లేకపోవడమేనా? శరీర ధర్మ శాస్త్రం చెప్పే జవాబు వేరు. తినాలన్న కోరికలన్నీ ఒక్క రకం కావు. కొన్ని ఒంటి అవసరాన్ని తెలిపే కబుర్లు, కొన్ని అలవాటు, కొన్ని మనసులోని బాధ. వీటిని వేరుచేసి గుర్తిస్తేనే దేన్ని తీర్చాలో, దేన్ని దాటాలో తెలుస్తుంది.

రాజమండ్రిలో మొదలైన ప్రయోగం

పచ్చి ఆహార నియమం మన తెలుగునాట కొత్తది కాదు. 1929లో గాంధీజీ ఆంధ్ర పర్యటనకు వచ్చారు. రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు ఆయనను కలిశారు. నిప్పు తగలని ఆహారమే రోగాలకు సరైన మందు అన్నది గోపాలరావు నమ్మకం. గాంధీజీ వెంటనే తన మీదనే ప్రయోగం మొదలుపెట్టారు. సహచరులు కొందరు ఆయనతో చేరారు.

ఆయన రోజు ఆహారం ఇది: మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, నూరిన బాదం పప్పు 8 తులాలు, నూరిన ఆకుకూర 8 తులాలు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. తులం అంటే సుమారు 11.7 గ్రాములు. నేటి పోషకాహార పట్టికలతో లెక్కవేస్తే ఇదంతా కలిపి దాదాపు 1,000 నుంచి 1,100 కిలోకాలరీలు. అందులో సగం బాదం పప్పు నుంచే వస్తుంది. పెద్దగా శ్రమ చేయని వయోజనుడికి కూడా రోజుకు ఇంచుమించు 2,000 కిలోకాలరీలు కావాలి. ఆహార విషయంలో అంత నిగ్రహం ఉన్న గాంధీజీ కూడా ఆగస్టు నాటికి విరేచనాలతో నీరసించి, ప్రయోగం ఆపి, మళ్ళీ మేకపాలు తీసుకోవలసి వచ్చింది. ప్రయోగం సాగిన తీరునే కాక, దాన్ని ఆపిన సంగతినీ ఆయన పత్రికలో రాశారు.

నాలుకను జయించాలని జీవితమంతా సాధన చేసిన మనిషి ఆయన. ఆయన ప్రయోగం ఆగినది నాలుక వల్ల కాదు, ఒళ్ళు సహకరించక. మన కథ ఇక్కడే మొదలవుతుంది.

వంట ఏం చేస్తుంది?

బియ్యపు గింజలోనూ దుంపలోనూ పిండి పదార్థం గట్టి రేణువులుగా ఉంటుంది. నీటిలో వేడిచేస్తే ఇవి ఉబ్బి, మెత్తబడి, విచ్చుకుంటాయి. అప్పుడే మన లాలాజలంలోనూ చిన్నపేగులోనూ ఉండే ఎంజైములు వాటిని సులువుగా విడగొట్టగలవు. మాంసకృత్తుల సంగతీ ఇంతే. 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే, వండిన గుడ్డులోని మాంసకృత్తుల్లో 91 శాతం జీర్ణమైంది, పచ్చి గుడ్డులో 51 శాతమే. వంట అంటే ఒక రకంగా కడుపు బయట జరిగే జీర్ణక్రియ. నిప్పు మీద వండుకోవడం వల్లనే మానవుడి పళ్ళు, పేగులు చిన్నవై, మెదడు పెద్దదైందని హార్వర్డ్ మానవ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ రాంగమ్ 2009లో ప్రచురించిన పుస్తకంలో వాదించారు.

పచ్చి ఆహారం మీదే ఏళ్ళ తరబడి ఉన్నవారి సంగతి ఏమిటి? జర్మనీలో అలాంటి 513 మందిని ప్రశ్నించి 1999లో ఒక నివేదిక ప్రచురించారు. ఆ నియమం మొదలుపెట్టాక పురుషులు సగటున 10 కిలోల దాకా, స్త్రీలు 12 కిలోలు బరువు తగ్గారు. 45 ఏళ్ళ లోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి నెలసరి క్రమం తప్పింది, లేదా పూర్తిగా ఆగిపోయింది. శక్తి చాలనప్పుడు శరీరం ముందుగా వాయిదా వేసే పని సంతానోత్పత్తి. ఎదిగే వయసు ఆడపిల్లలు తెలుసుకోవలసిన విషయమిది.

పచ్చి కూరలకు మరో ఇబ్బంది కూడా ఉంది. వాటిలో నీరు, పీచు ఎక్కువ. కడుపు నిండుతుంది కానీ శక్తి చాలదు. అర కిలో దోసకాయ తిన్నా అందేది 75 కిలోకాలరీలే. ఇరవై గ్రాముల వేరుశెనగ పప్పులో అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఆకలి గంట కొట్టేది ఎవరు?

కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయపు గోడలు గ్రెలిన్ అనే హార్మోనును వదులుతాయి. 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని కనుగొన్నారు. ఇది రక్తంలో ప్రయాణించి మెదడులోని హైపోథాలమస్‌కు ‘తిండి కావాలి’ అని చెబుతుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే మరో హార్మోను ‘నిల్వలు ఉన్నాయి’ అని చెబుతుంది. దీని జన్యువును 1994లో గుర్తించారు. చాలినంత తినకపోతే లెప్టిన్ తగ్గి, గ్రెలిన్ పెరుగుతుంది. అప్పుడు మెదడు ఎక్కువ శక్తినిచ్చే పదార్థాల వైపే, అంటే తీపి, కొవ్వు, వేపుడుల వైపే దృష్టిని లాగుతుంది. బజ్జీల వాసన అంత దూరం నుంచీ పిలిచేది అందుకే.

దీనికి గట్టి రుజువు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944–45లో, ఆన్సెల్ కీస్ ఆధ్వర్యంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా 24 వారాల పాటు అర్ధాకలితో గడిపారు. వాళ్ళకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు సేకరించి చదివారు, కలల్లోనూ తిండినే చూశారు. కడుపునిండా పెట్టడం మొదలయ్యాక కూడా కొందరు వారాల తరబడి ఎంత తిన్నా తృప్తి పడలేకపోయారు. వాళ్ళు బలహీన మనస్కులు కారు, ఎంపిక చేసి తీసుకున్న దృఢచిత్తులు. ఆకలి మనిషి మనసునే మార్చివేస్తుంది.

కాబట్టి పచ్చి ఆహారం తింటున్నవారికి అన్నం మీదికి ప్రాణం లాగితే, మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘నాలో లోపం ఏమిటి?’ అన్నది కాదు, ‘నేను తింటున్నది చాలుతోందా?’ అన్నది.

ఉప్పు కథ

ఉప్పు మీది కోరిక చాలా పాతది. మొక్కల్లో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందుకే ఆకులలములు తినే అడవి జంతువులు ఉప్పు నేలలను వెదుక్కుంటూ వెళ్ళి నాకుతాయి. బస్తర్ సంతల్లో ఒకప్పుడు వ్యాపారులు ఉప్పు కొలిచి ఇచ్చి, ఎంతో విలువైన సారపప్పును, అంటే మొర్రి పండు గింజలోని పప్పును, తీసుకునేవారు. సముద్రానికి దూరంగా, ఎండలో చెమటోడ్చే మనుషులకు ఉప్పు ఎంత అవసరమో తెలిసి చేసిన దోపిడీ అది.

అయితే నేడు మనలో చాలామంది తినే ఉప్పు అవసరానికి మించినదే. రోజుకు 5 గ్రాములకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. తగ్గించగానే తిండి చప్పగా, నోరు పీకుతున్నట్టుగా ఉంటుంది. ఇది ఎల్లకాలం ఉండదు. ఉప్పు తగ్గించి తిన్నవారికి కొన్ని నెలల్లో తక్కువ ఉప్పే రుచిగా అనిపించిందని 1982లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధన తేల్చింది. నాలుక మారుతుంది, దానికి కొంత గడువు ఇవ్వాలి. ఒక్కసారిగా మానేసేకంటే మెల్లమెల్లగా తగ్గించుకోవడం మేలు. వాడే కొద్దిపాటి ఉప్పు అయోడిన్ కలిపినదై ఉండాలి.

బలపం, బియ్యం

పచ్చి తిండి మీది యావే ఒక్కోసారి రోగ లక్షణం కావచ్చు. కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, దాచుకుని మరీ బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తింటారు. పెద్దలు కసురుకుంటారు. కానీ ఈ అలవాటుకు, రక్తంలో ఇనుము లోపానికి సంబంధం ఉన్నట్టు అనేక పరిశోధనలు చూపాయి. ఇనుము అందించాక చాలామందిలో ఆ కోరిక దానంతటదే పోతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మలేరియా, పోషకాహార లోపం రెండూ ఉన్న బీజాపూర్ వంటి జిల్లాలో ఇది మరీ బరువైన సమస్య. ఇలాంటి పిల్లలకు కావలసింది తిట్లు కాదు, రక్తపరీక్ష, నులిపురుగుల మందు, బడిలో ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలు. ఇక్కడ పచ్చి ఆహారానికీ ఒక మంచి పాత్ర ఉంది. అన్నం, పప్పుతో పాటు పచ్చి ఉసిరికాయో నిమ్మరసమో తీసుకుంటే, వాటిలోని విటమిన్ సి ఆ తిండిలోని ఇనుమును పేగులు పీల్చుకోవడానికి తోడ్పడుతుంది. వేడికి చాలావరకు నశించే విటమిన్ ఇది. ఒకదానికి ఒకటి తోడు, పోటీ కాదు.

మనసు ఆకలి

ఒంటికి చాలినంత తిన్నా ఇంకా తినాలనిపించే సందర్భాలు ఉంటాయి. పరీక్ష భయం, స్నేహితుడితో తగాదా, హాస్టల్లో ఉండగా ఇంటిమీద బెంగ, ఏమీ తోచకపోవడం ఇందుకు కారణాలు. చిన్నప్పుడు ఏడిస్తే చేతిలో బెల్లం ముక్క పెట్టారు. తీపికీ ఓదార్పుకూ మెదడులో ముడిపడింది. ఆందోళనలో ఉన్న ఎలుకలు తీపి, కొవ్వు తిన్నాక వాటి ఒత్తిడి హార్మోన్ల జోరు తగ్గిందని 2003లో కాలిఫోర్నియాలో మేరీ డాల్మన్ బృందం తెలిపింది. అంటే తిండి నిజంగానే కాసేపు ఊరటనిస్తుంది. కానీ బాధకు కారణం అలాగే ఉంటుంది కాబట్టి మళ్ళీ తినాలనిపిస్తుంది.

రెంటినీ గుర్తుపట్టడం ఎలా? ఒంటి ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఏది పెట్టినా తింటుంది, కడుపు నిండగానే ఆగుతుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, ఫలానాదే కావాలంటుంది, నిండినా ఆగదు, చివర సిగ్గును మిగులుస్తుంది. ఇవి కచ్చితమైన కొలతలు కావు, మంచి ఆనవాళ్ళు మాత్రమే.

‘తినకూడదు, తలచకూడదు’ అని బిగబట్టుకోవడం సాధారణంగా బెడిసికొడుతుంది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని కోరాడు. ఆ తర్వాత స్వేచ్ఛ ఇచ్చినప్పుడు వాళ్ళే దాన్ని మరింత ఎక్కువగా తలచుకున్నారు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న మన పాత కథ సారాంశమూ ఇదే.

ఏం చేయాలి?

పచ్చి ఆహారం పెంచుకోవాలనుకునేవారు మొదట శక్తి లెక్క చూసుకోవాలి. నానబెట్టిన వేరుశెనగ, నువ్వులు, కొబ్బరి, అరటిపండ్లు లేకుండా పచ్చి కూరలతోనే పూట గడపడం పస్తు ఉండటమే. విటమిన్ బి12 మొక్కల ఆహారంలో దాదాపు దొరకదు కాబట్టి పాలు, పెరుగు మానేసినవారు వైద్యుడి సలహా తీసుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపువారు, గర్భిణులు, రక్తహీనత ఉన్నవారు పూర్తి పచ్చి ఆహారం జోలికి పోకూడదు. రోజూ తినే వండిన భోజనానికి ఒక పండు, ఒక పచ్చి కూర, గుప్పెడు గింజలు చేర్చుకుంటే చాలు.

రెండోది, రుచుల వైవిధ్యం. రోజూ ఒకే తిండి తింటే కోరికలు పెరుగుతాయని అమెరికాలో 2000లో వెలువడిన ఒక పరిశోధనలో యువతీ యువకుల మీద కనిపించింది. మన ఉగాది పచ్చడిని గుర్తు తెచ్చుకోండి. పొయ్యి ఎక్కకుండానే ఆరు రుచులూ అందులో ఉన్నాయి. మామిడికాయ, చింతపండు, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీరతో మొలకల రుచే మారిపోతుంది.

మూడోది, నిద్ర. వరుసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకున్న యువకుల్లో లెప్టిన్ తగ్గి, గ్రెలిన్ పెరిగి, ఆకలి 24 శాతం ఎక్కువైందని 2004లో షికాగోలో కొలిచారు. పరీక్షల ముందు రాత్రులు చిరుతిండి డబ్బా ఎందుకు ఖాళీ అవుతుందో ఇప్పుడు తెలిసింది కదా!

నాలుగోది, గడువు. కోరిక అల వంటిది. లేస్తుంది, కొంతసేపటికి దిగుతుంది. నీళ్ళు తాగి పది నిమిషాలు నడవండి. అప్పటికీ కావాలనిపిస్తే ఒక ముక్క తీసుకుని, కూర్చుని, నిదానంగా, రహస్యం లేకుండా తినండి. ఒక బజ్జీ తిన్నంత మాత్రాన నియమం మొత్తం పోయినట్టు కాదు. ‘ఎలాగూ తప్పాను’ అనుకుని పళ్ళెం ఖాళీ చేయడమే అసలు హాని చేస్తుంది.

అయిదోది, శుభ్రత. పచ్చిగా తినేవాటిని పరిశుభ్రమైన నీటితో బాగా కడగాలి. 2011లో జర్మనీలో మొలకల ద్వారా వ్యాపించిన ఇ.కోలై సూక్ష్మజీవి 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. మొలకలు మొలిచే వెచ్చని తేమలో సూక్ష్మజీవులూ పెరుగుతాయి. చిన్నపిల్లలకు వాటిని ఆవిరి మీద ఉడికించి పెట్టడం మంచిది.

తిన్నది కావాలని కక్కేయడం, దాచుకుని ఆపుకోలేకుండా తినడం, నెలసరి ఆగిపోవడం, బరువు వేగంగా తగ్గడం కనిపిస్తే సొంత వైద్యం వద్దు. ఇంట్లో పెద్దలకో ఉపాధ్యాయులకో చెప్పి వైద్యుణ్ణి కలవాలి. ఇవి చికిత్సతో నయమయ్యేవే.

చేసి చూడండి

ఒక వారం రోజులు చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఏదైనా తినాలని గట్టిగా అనిపించిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి: అప్పుడు సమయం ఎంత, చివరిసారి తిని ఎన్ని గంటలైంది, ఏది కావాలనిపించింది, మనసు ఎలా ఉంది. బరువు రాయవద్దు, కాలరీలు రాయవద్దు. ఏడో రోజున తిరగేస్తే ఒక వరుస కనిపిస్తుంది. నాలుగైదు గంటలు తినకుండా ఉన్నప్పుడే వచ్చిన కోరికలకు మందు భోజనమే. రాత్రి పదింటికి, పుస్తకం ముందు, కడుపు నిండి ఉన్నా వచ్చినవాటికి మందు నిద్రో, స్నేహితుడితో నాలుగు మాటలో కావచ్చు. ఏది ఏదో మీ చేతిరాతే మీకు చెబుతుంది.